సడలిన కీలు

ధ్యాన భాగములు: యాకోబు 3:4, సంఖ్యాకాండము 8:24–26



ఓడ ఎంత గొప్పదైనను, గాలి ఎంత బలముగా వీచినను, దాని దారిని నిర్ణయించునది వెనుకనున్న చిన్న చుక్కానియే అని యాకోబు భక్తుడు మనకు జ్ఞాపకము చేయుచున్నాడు. ఆయన ఆ మాట నాలుకను గూర్చి వ్రాసెను. మేము ఈ దినమున దానినుండి మరియొక ప్రశ్న అడుగుచున్నాము. చుక్కాని బాగుగా నున్నది, దానిని నడుపు చేయియు బాగుగా నున్నది. అయితే ఆ రెంటిని కలుపునది అరిగిపోయిన యెడల ఏమగును?

మా సంఘములో ఒక సహోదరుడు బెంగళూరులో విమానముల మరమ్మతు పనిలో తన జీవితకాలము గడిపి విశ్రాంతి పొందినవాడు. 1958లో మొదట ఎగిరిన, ఇద్దరు కూర్చొను పుష్పక్ వంటి చిన్న విమానములను గూర్చి ఆయన చెప్పుచుండగా మేము బడిపిల్లవానివలె వినుచుందుము. ఇట్టి పాత చిన్న విమానములలో పైలట్ చేతికి, రెక్కల మీది పలకలకు, తోకకు మధ్యనున్నవి ఉక్కు కేబుళ్ళు, కప్పీలు, కడ్డీలు, బోల్టులు మాత్రమే. సాధారణముగా వాడు ఒక రకపు కేబుల్‌లో సన్నని తీగలు 19 చొప్పున పేనిన పేటలు 7 ఉండును. అనగా 133 తీగలు. అందులో కొన్ని తెగినను మిగిలినవి భారము మోయుచునే యుండును, పైలట్‌కు ఏమియు తెలియదు. అందుచేత మెకానిక్ ఒక గుడ్డముక్కను కేబుల్ పొడవునా రాయును. తెగిన తీగ ఉన్నచోట అది గుడ్డను పట్టుకొనును. లోపల తెగినవి కనబడుటకై కొన్నిచోట్ల కేబుల్‌ను విప్పి వంచి చూడవలెను. కప్పీల మీదుగా పోవు చోటనే అరుగుదల హెచ్చు. ఎక్కడ ఎక్కువ పని జరుగునో అక్కడనే కేబుల్ అరుగును.

పై చూపునకు మోసపోరాదని చెప్పుటకు ఒక దుఃఖకరమైన సంగతి కలదు. 2011 సెప్టెంబరు 16న అమెరికాలోని రీనో పట్టణమున పందెములో ఎగురుచున్న ఒక పాత యుద్ధ విమానము కూలి, పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయిరి. విచారణలో తేలినదేమనగా, తోక మీది ఒక చిన్న పలకను పట్టి యుంచు స్క్రూల నట్టులు పాతవైపోయెను. అట్టి నట్టులలో స్క్రూను బిగించి పట్టుకొను వలయమొకటి లోపల ఉండును. ఆ వలయము పట్టు తప్పినందున పలక సడలెను. మహా వేగములో అది కొట్టుకొనుటకు ప్రారంభించెను. మరికొన్ని కారణములును కలవు గాని, ఆ నట్టు లోపలి పట్టు పోవుట వాటిలో ముఖ్యమైనది. నట్టు దాని చోటనే యున్నది. లోపలి పట్టు మాత్రము లేదు.

ప్రియులారా, ఇచ్చట మేము మా సంగతి ఒప్పుకొనవలసియున్నది. మేము అనేక సంవత్సరములు సండేస్కూలు నడిపితిమి. ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారమని మాకు కొంత అతిశయము ఉండెను. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు మాట వచ్చును గాని అక్షరము రాదు. పాటలు కన్నడ లిపిలో వ్రాసి ఇమ్మని యౌవనస్థులు అడిగిరి. అట్లు చేసిన భాష పోవునని మేము కాదంటిమి. పిల్లలు ఒక్కొక్కరుగా తగ్గిరి. హాజరు పట్టీ మేమే వ్రాయుచుంటిమి, కేబుల్ మీద గుడ్డ పట్టుకొనుట మేమే చూచితిమి, అయినను విప్పి చూడలేదు. ఒక ఆదివారమున ముగ్గురు పిల్లలే వచ్చిరి. సంఘమునకు, దాని పిల్లలకు మధ్య కీలుగా నిలువవలసిన మేమే సడలితిమని ఆ దినమున గ్రహించితిమి.

మార్చుట విషయములో ఆ సహోదరుడు చెప్పిన సంగతులు మూడు మనకు పనికివచ్చును.

మొదటిది, పాత బోల్టు తీసినచోట బజారులో దొరికిన అటువంటిదే మరియొకటి వేయరాదు. చూపునకు ఒక్కటే గాని బలము వేరు. విమానమునకు ఆమోదింపబడినదే వేయవలెను. మన సంఘములలో ఖాళీయైన పనిని మన ఇంటివాడని, మన ఊరివాడని నింపుచున్నామా? లేక పరీక్షింపబడినవానికి అప్పగించుచున్నామా?

రెండవది, విప్పిన కాటరు పిన్నును తిన్నగా చేసి మరల వాడరాదు. ఒకసారి వంగినది మరల వంగినచోట విరుగును. ఖర్చు అతి స్వల్పము, అయినను దానిని మిగుల్చుకొనవలెనని శోధన కలుగును.

మూడవది, పని ముగిసిన తరువాత చేసినవాడు కాక మరియొకడు వచ్చి తిరిగి చూడవలెను. చక్రమును ఎడమకు త్రిప్పినపుడు ఎడమ రెక్క మీది పలక పైకి లేవవలెను. 2018లో పోర్చుగల్‌లో మరమ్మతు ముగించుకొని బయలుదేరిన ఒక జెట్ విమానములో ఈ కేబుళ్ళు తారుమారయ్యెను. అందులోని ఆరుగురు బహు పోరాటము తరువాత ప్రాణములతో దిగిరి. క్రొత్త భాగము వేసినంత మాత్రమున చాలదు, అది సరియైన దిక్కున కదలుచున్నదా అని చూచుట అవసరము.

అయితే ఒక భేదము గమనించుడి. అరిగిన బోల్టును పారవేయుదురు. దేవుడు మనుష్యులను పారవేయడు. లేవీయులు ఏబది యేండ్ల వయస్సున బరువైన సేవ మాని, గుడారమునొద్ద తమ సహోదరులకు తోడుగా నుండి కాపు కాయవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. సేవ మారెను గాని చోటు పోలేదు. మేము సండేస్కూలును ఒక యౌవన సహోదరికి అప్పగించితిమి. ఆమె పాటలు రెండు లిపులలోను వ్రాసి గోడకు తగిలించెను. మేము వెనుక బల్లమీద కూర్చుండి, అక్షరములు నేర్చుకొనగోరిన పిల్లలకు పలక పట్టి దిద్దించుచున్నాము. మొదటి వారములు మాకు కష్టముగానే యుండెను, అది దాచము. ఇప్పుడు పిల్లలు పదునొకండుగురు వచ్చుచున్నారు. వారిలో నలుగురు తెలుగు చదువ నారంభించిరి.

కాబట్టి పెద్దలారా, ఈ వారము మీ సంఘములో గుడ్డముక్క పట్టుకొని నడువుడి. రోగిని చూడ వెళ్ళువారు ఎవరు? క్రొత్తగా పనికొరకు వచ్చిన కుటుంబమును ఇంటికి పిలుచువారు ఎవరు? కానుక లెక్కను రెండవ కన్ను చూచుచున్నదా? గుడ్డ ఎక్కడ తగులుకొనునో అక్కడ ఆగుడి. అది మన సొంత హస్తమైనను ఆగుడి.

అరిగినదానిని ఒప్పుకొను దీనమనస్సును, అప్పగించు ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.