పేరు రాజుది, నేల ఎవరిది?

నేను ముప్పదియేండ్లు గుమాస్తాగా దస్తావేజులకు నకళ్లు వ్రాసినవాడను. అమ్మువాడు, కొనువాడు, హద్దులు, క్రయధనము, సాక్షులు - ఇన్నియు అందులో నుండును. ఆ నేలపై బ్రతుకువాని సమ్మతి యను పంక్తి మాత్రము ఎన్నడును నాకు కనబడలేదు. దేశముల విషయములో నీ లోటు ఎంతటి అనర్థమో అమెరికాలోని లూసియానా చరిత్ర తెలుపుచున్నది.

ఫ్రాన్సు రాజు 14వ లూయీ 1643లో, ఐదేండ్లయినను నిండక మునుపే పట్టమెక్కి, 1715 వఱకు రాజుగా నుండెను. 1614లో కూడిన ప్రజాప్రతినిధుల మహాసభ మరల 1789లో గాని కూడలేదు. 1682 ఏప్రిల్‌లో లాసాల్ అను సాహసికుడు మిసిసిపీ నదీముఖమున నిలిచి, ఆ నదియు దాని ఉపనదులును పారు నేలయంతయు తన రాజు సొత్తని చాటి, ఆయన పేరిట లూసియానా యని నామకరణము చేసెను. ఆ నేలను లూయీ ఎన్నడును చూడలేదు. తరతరములుగా అందున్న ఆదివాసులను ఎవరును అడుగలేదు.

1762లో 15వ లూయీ రహస్యసంధి చేసికొని, మిసిసిపీకి పడమటి భాగమును, న్యూ ఆర్లియన్సు నగరమును స్పెయిను రాజునకు ధారపోసెను. 1768లో పౌరులు స్పానిషు గవర్నరును వెడలగొట్టిరి. మరుసటియేట వారి నాయకులలో ఐదుగురు తుపాకులకు బలియైరి. 1800లో మరియొక రహస్యపు ఒడంబడిక ఆ నేలను ఫ్రాన్సునకు మరలించెను. 1803లో నెపోలియన్ దానిని ఒకటిన్నర కోటి డాలర్లకు అమెరికాకు అమ్మెను. ఆ పత్రములో హద్దులైనను స్పష్టముగా లేవు!

దోషమంతయు కిరీటమునదే యందుమా? కొన్నది ప్రజాప్రభుత్వమే గదా! అదియు అచటివారిని అడుగలేదు. 1724లో రాజశాసనము అచ్చట స్థిరపఱచిన బానిసత్వము, 1812 ఏప్రిల్ 30న లూసియానా 18వ రాష్ట్రమైన పిమ్మటను, 1865 వఱకు నిలిచెను. నేడు బేటన్ రూజ్ రాజధానిగా, 64 పారిషులతో నున్న ఆ రాష్ట్రమున 2020 గణన ప్రకారము సుమారు 46 లక్షల జనులు కలరు. నాలుగేండ్లకొకసారి వారు తమ గవర్నరును తామే ఎన్నుకొందురు. పేరు మాత్రము రాజుదే నిలిచినది.

మన యానాము సయితము 1954 వఱకు ఫ్రాన్సు ఏలుబడిలోనిదే. కావున నీ కథ మనకు మరీ దూరమైనది కాదు. ఇంతకన్న దగ్గఱిది మన యిల్లు. నా కుమార్తె వివాహమును నేను ఆమెను అడుగకయే నిశ్చయించితిని. ఆమె కాపురము చల్లగనే యున్నది. అయినను అది దైవానుగ్రహమే గాని నా న్యాయము కాదు. ఫలము మంచిదైనంత మాత్రమున అడుగకపోయిన తప్పు ఒప్పగునా? నిరంకుశత్వము సింహాసనము మీదనే కాదు, పడకకుర్చీ మీదను కూర్చుండగలదని నాకీ వయసున తెలిసినది.