కరుణకు శిక్షణ కావాలా?

వృద్ధుల సేవకు మంచి మనసుంటే చాలదా, శిక్షణ దేనికి అని కొందరు అడుగుతుంటారు. కరుణ లోపలి నుంచి రావలసిందే గానీ పాఠం చెబితే వచ్చేది కాదని వారి భావన. ఈ ప్రశ్నకు జవాబు వినయపిటకంలోనే ఉంది.

మహావగ్గంలోని ఘటన మనకు తెలిసిందే. అతిసారంతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తమకు అతని వల్ల ఏ ఉపకారమూ లేదని తోటి భిక్షువులు పట్టించుకోలేదు. బుద్ధుడు నీళ్లు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. మనం సాధారణంగా ఇక్కడే ఆగి, ఆయన కరుణకు నమస్కరిస్తాం. బుద్ధుడు మాత్రం అక్కడ ఆగలేదు. రోగిని చూసుకునేవారికి ఐదు లక్షణాలు చెప్పాడు. మందు సిద్ధం చేయగలగాలి. రోగికి ఏది పడుతుందో, ఏది పడదో తెలియాలి. లాభం కోసం కాక మైత్రితో చేయాలి. మలమూత్రాలు, ఉమ్మి, వాంతి ఎత్తడానికి ఏవగించుకోకూడదు. ధమ్మం మాట్లాడి రోగి మనసును తేలికపరచగలగాలి.

మొదటి రెండూ నేర్చుకోవలసిన విద్యలే. మైత్రి కంటే ముందు ఆయన వాటిని చెప్పాడు.

వృద్ధుల దగ్గర ఈ విద్య మరీ అవసరం. వయసు మీరాక మూత్రపిండాల పని మందగిస్తుంది. నడివయసు వారికి సరిపోయే మోతాదు వారికి ఎక్కువ కావచ్చు. నిద్రమాత్ర వేసుకుని రాత్రి లేచినవారు తూలిపడి తుంటి విరగ్గొట్టుకోవచ్చు. ఇన్ఫెక్షన్ వచ్చినా జ్వరం కనిపించకపోవచ్చు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు పొంతన లేకుండా మాట్లాడటమే దాని గుర్తు కావచ్చు. దాన్ని ముసలి చాదస్తమని కొట్టిపారేసే నర్సు కఠినురాలు కానక్కర్లేదు, ఆమెకు ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు. అవిద్య దుఃఖానికి మూలమన్న మాట ఆసుపత్రి వార్డులోనూ నిజమే.

నాలుగో లక్షణం మన సమాజాన్ని నిలదీస్తుంది. ఏవగింపును కులం కొందరి హక్కుగా, శుభ్రం చేయడాన్ని మరికొందరి బతుకుగా పంచిపెట్టింది. పక్క మార్చేది ఆయా, చార్టు రాసేది మరొకరు అన్న విభజనలో ఆ నీడ ఉంది. కాబట్టి తాకడం డాక్టరుకూ నేర్పాలి. ఆయాకు పనితో పాటు దాని వెనుక ఉన్న శాస్త్రమూ చెప్పాలి. లాభాపేక్ష వద్దన్న మాటను ఆమె జీతం కోతకు సాకుగా వాడటం ధమ్మం కాదు. సమ్యక్ ఆజీవం అష్టాంగ మార్గంలో భాగమే.

అశోకుడు కరుణను పాలనలోకి తెచ్చాడు. వృద్ధుల బాగోగులు ధర్మమహామాత్రుల బాధ్యతల్లో ఒకటని ఆయన ఐదో శిలాశాసనం చెబుతుంది. ఆయన శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదా ఉన్నాయి. 2011 జనగణన నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం వైద్య సిబ్బందితో పాటు ఇంట్లో చూసుకునేవారికీ శిక్షణ ఇవ్వాలంటుంది. అది మన ఊరి ఆరోగ్య కేంద్రానికి చేరిందా అని అడిగే హక్కు మనకుంది.

మనం చేయగలిగిందీ ఉంది. ఆదివారం వందన తర్వాత ఒక నర్సును విహారానికి పిలుద్దాం. మంచం పట్టినవారిని పుండ్లు పడకుండా ఎలా పక్కకు తిప్పాలో, వినికిడి తగ్గినవారితో అరవకుండా ఎదురుగా కూర్చుని ఎలా మాట్లాడాలో నేర్చుకుందాం. అన్నిటికంటే ముందు, మీకు ఏం కావాలని ఆ పెద్దవారినే అడగడం నేర్చుకుందాం.