నేర్పూ, న్యాయమూ

2019లో బెంగుళూరులో ఉండగా ఆన్‌లైన్ పోకర్‌లో చిల్లర పందేలు ఆడేవాణ్ణి. రోజూ గంటసేపు చదువు. ఆడిన ఆటలను తిరగవేసి చూచుకోవడం. నెలకొక లక్ష్యం: గెలుపు కాదు, తప్పులు తగ్గించుకోవడం. తగ్గాయి కూడా.

“నేర్పు కూడా శ్రమే గదా!” అంటాడు మిత్రుడొకడు. శ్రమే. అయితే వడ్రంగి పనితనం పెరిగితే లోకానికొక మంచి కుర్చీ మిగులుతుంది. నా పనితనం పెరిగితే ఎదుటివాడి జేబు తరుగుతుంది. పందెపు సొమ్ములో నిర్వాహకుడు తన వాటా తీసుకుంటాడు కనుక, ఆటగాళ్ళందరినీ కలిపి చూస్తే మిగిలేది నష్టమే. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. కావచ్చు. వడ్డీ వ్యాపారికి మాత్రం నేర్పు లేదా?

2025 నిషేధ చట్టానికి చాలా ముందే నేను మానుకున్నాను. ఒక అర్ధరాత్రి ఎవరో వరుసగా తప్పులు చేస్తూ నాకు ఓడిపోయాడు. మర్నాడు దీపాలు పెట్టే వేళకే అతనికోసం బల్లలన్నీ వెతికాను.