కుండీలోని నీరు

ఢిల్లీ నగరమునకు నైరుతి దిశను, ఆరావళి కొండల రాతినేలపై, వసంత్ కుంజ్ అను నివాసస్థలము కలదు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1980వ దశకమున అచ్చట ఫ్లాట్లు కట్టించెను. ఉద్యోగరీత్యా అచ్చటికి చేరిన తెలుగువారికి పెరడు లేదు, బాల్కనీ కలదు. గోంగూర, తోటకూర చల్లిన చేతులే అందులో లెట్యూస్ విత్తనములును చల్లుచున్నవి.

పని కష్టమైనది కాదు. జానెడు లోతుగల కుండీ, దాని అడుగున చిల్లు, మాగిన పశువుల ఎరువు కలిపిన మన్ను చాలును. ఈ విత్తనమునకు వెలుతురు కావలెను గనుక లోతుగా పాతరాదు. మంటిపై చల్లి వ్రేళ్లతో మెల్లగా అదుమవలెను. వేడి 30 డిగ్రీలు మించిన నేలలో అది సాధారణముగా మొలవక నిద్రించును. కావున ఢిల్లీలో అక్టోబరు, నవంబరు నెలలే తగిన కాలము. ఒత్తుగా మొలిచిన నారును పలుచన చేయవలెను. తీసిన మొక్కలును తినదగినవే. వెలుపలి ఆకులను మాత్రమే కోసికొన్నచో లోపలినుండి మరల చిగుర్చును.

ప్రశ్న నీటియొద్ద పుట్టుచున్నది. లెట్యూస్ ఆకులో నూటికి సుమారు 95 పాళ్లు నీరే. వసంత్ కుంజ్‌లో నీటికొరత క్రొత్తది కాదు. వేసవిలో ట్యాంకరుకొరకు ఎదురుచూచుట అచ్చటివారెరిగిన సంగతియే. చుట్టుప్రక్కల బస్తీలలో తల్లులు బిందెలతో బారులు తీరియుండగా, మేడమీద ఒకరు, లేకున్నను బ్రతుకు జరుగు ఆకుకు నీరు పోయుట న్యాయమా?

చెంబెడు నీళ్లే గదా అనుట సమాధానము కాదు. బిందె పట్టుకొని నిలిచినవారికి చెంబెడును ఎక్కువే. అయితే కుండీని ఎండగట్టుటయు సమాధానము కాదు. అంగడిలో కొన్న ఆకును సయితము ఎక్కడి నీరో పెంచినది. ఆ నీరు కంటికి కనబడదు గనుక మనస్సాక్షి ఊరకున్నది. ఈ విషయములో మనస్సాక్షికి చూపు మందమని ఒప్పుకొనక తప్పదు. కుండీ పెంచువానికి మాత్రము ప్రతి ఉదయమున చెంబు బరువు చేతికి తెలియును.

తన మనుష్యులు ప్రాణమునకు తెగించి తెచ్చిన బేత్లెహేము బావినీటిని దావీదు త్రాగనొల్లక పారబోసెను. ఆ పారబోత ఎవరి దాహమును తీర్చలేదు. అయినను ఆ నీటి వెల యెట్టిదో అతడెరుగునని అది చూపెను.

అట్లెరిగినవాడు కుళాయి త్రిప్పుటకు ముందు వంటింటిలోనికి చూచును. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు చలికాలమున రెండు కుండీలకు సరిపోవును. ఎండ ముదిరినప్పుడు మొక్క పూతకాడ వేయును, ఆకు చేదెక్కును, త్రుంచినచోట పాలు కారును. వల కప్పి, దినమునకు మూడుమార్లు తడిపి, మే నెలలోను దానిని నిలుపజూచువారు లేకపోలేదు. ట్యాంకరుకొరకు కన్నులు కాయలు కాచు కాలమును అదియే. చలికాలపు చెంబునకును ఈ చెంబునకును కొలత ఒక్కటే గాని, అవి ఒక్క నీరు కావు.

ఆ నెలలలో కొందరు కుండీని బోర్లించి, మన్నును ఎండకు ఆరబోసి, ముదిరిన కాడలనుండి దులిపిన విత్తనములను కాగితపు పొట్లములో కట్టి అక్టోబరు వరకు దాచుదురు.