మాట ఇచ్చాక నీరు బాకీయే

నర్సీపట్నాన్ని ఆనుకుని ఉన్న బలిఘట్టం దగ్గర వరాహ నది ఉత్తరవాహినిగా పారుతుంది. బలి చక్రవర్తి యాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. శివరాత్రికి బ్రహ్మలింగేశ్వరుణ్ణి చూడవచ్చే జనం ఆ నీళ్లలో మునిగి గుడికి వెళతారు. బలి కథ మొదటినుంచీ నీటితో ముడిపడినదే. ధారపోస్తే తప్ప దానం పూర్తి కాదు కనుకనే గురువు శుక్రాచార్యుడు కలశం ముక్కుకు అడ్డుపడి కన్ను పోగొట్టుకున్నాడు. ఈ కథను మనం దానమహిమగా చెప్పుకుంటూ వచ్చాం. అయితే బలిని నిలబెట్టిన ఘట్టం దానం తర్వాతిది. వామనుడికి మూడడుగుల నేల ఇస్తాననడం ఔదార్యం, చక్రవర్తికి అదేమంత కష్టం కాదు. వచ్చినవాడు విష్ణువేనని తెలిశాక, గురువే మాట తప్పమన్నాక కూడా ఇవ్వడం సత్యం. నోటినుంచి మాట వెలువడేదాకా ఇచ్చేవాడు దాత, ఆ తర్వాత బాకీదారు. ఊరికి తాగునీరు పంపే మునిసిపాలిటీ ఈ ఇద్దరిలో ఎవరు? కుళాయి కనెక్షన్ ఇచ్చి డబ్బు కట్టించుకున్న రోజునే అది మాట ఇచ్చిందనీ, అప్పటినుంచి ప్రతి బిందెడు నీరూ అది తీర్చవలసిన బాకీయేననీ నా వాదన.

నీళ్లివ్వడాన్ని పుణ్యంగానే చూసిన సంప్రదాయం మనది, నిజమే. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. వైశాఖంలో చలివేంద్రం పెట్టడం నేటికీ ఆగలేదు. కానీ ఆ సంప్రదాయం పుణ్యం దగ్గరే ఆగిపోలేదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకు 1369లో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన శాసనం జలదాన ఫలాన్ని కీర్తించి ఊరుకోదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువును చెడగొట్టే ఆరు దోషాలను లెక్కపెట్టి చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, నేల చవుడుది కావడం, రెండు రాజ్యాల సరిహద్దున పడడం వంటివి ఆ దోషాలు. దోషం చెప్పడం పుణ్యాన్ని తక్కువ చేయడమని ఆ శాసనకర్త అనుకోలేదు. చెరువులను బాగుచేస్తూ ఉండేవారికి దశబంధ ఇనాములు ఇచ్చారంటే, తవ్వినవాడి పేరు ఎంత మిగిలినా కట్టను కాపాడే పని ఏటా కొత్తగా చేయవలసిందేనని గుర్తించినట్టే. శతపథ బ్రాహ్మణం దేవ, ఋషి, పితృ ఋణాల పక్కన మనుష్య ఋణాన్ని కూడా చేర్చింది. సాటి మనిషి ఆకలిదప్పులు తీర్చడాన్ని అప్పు తీర్చడంగా చూసే దృష్టి మనకు అరువు తెచ్చుకున్నది కాదు.

ఆ అప్పు తీరిందో లేదో తేల్చేది ఎక్కడ? ట్యాంకు దగ్గర నీరు తేటగా ఉంటే తీరినట్టు కాదు. మన పట్టణాల్లో నీరు రోజులో కొన్ని గంటలే వదులుతారు. మిగతా సమయంలో పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపు ఎక్కడ చిట్లితే అక్కడ పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. 2018 మార్చిలో గుంటూరులో డ్రైనేజీ నీరు తాగునీటి పైపుల్లో కలిసి, అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలోనూ అతిసారం మనుషులను బలితీసుకుంది. దారిలో ఇలాంటి ముప్పు ఉంటుంది కనుకనే భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటుంది, 100 మిల్లీలీటర్ల నమూనాలో ఇ.కోలి అసలే కనిపించకూడదంటుంది. క్లోరిన్ మిగిలి ఉండాలన్న నిబంధనకు అర్థం దారిపొడవునా నీటికి కాపలా ఉండాలనే. కాబట్టి పరీక్ష జరగవలసిన చోటు పైపు చివరన ఉన్న ఇంటి కుళాయి. ఆ ఇల్లు చాలాసార్లు పేదవాడిదే. బాకీ తీరిందని చెప్పవలసినవాడు అతడే.

ఇక్కడే ఫిర్యాదు సంగతి వస్తుంది. నీళ్లను దానమనుకుంటే రంగుమారిన నీళ్లసీసా పట్టుకుని కార్యాలయానికి వచ్చినవాడు యాచకుడు. అతణ్ణి రేపు రమ్మనవచ్చు, విసుక్కోవచ్చు. బాకీ అనుకుంటే అతడు తన లెక్క చూపమని వచ్చిన రుణదాత. అర్జీకి నంబరు, తేదీ వేయాలి. నీటిని పరీక్షించాలి. ఏం తేలిందో, ఏం చేశారో అతడికి తిరిగి చెప్పాలి. వార్డు సచివాలయంలో వసతులు చూసే ఎమినిటీస్ కార్యదర్శి ఉన్నాడు, సోమవారం అర్జీలు తీసుకునే వేదిక ఉంది. ఏర్పాట్లు ఉన్నా దృష్టి మారకపోతే అవి కాగితాల దొంతరలుగానే మిగులుతాయి.

బాకీ అనేస్తే అందులో కరుణ ఏం మిగులుతుందని కొందరు అడగవచ్చు. చలివేంద్రంలో చెంబుతో పోసే చేతిలో ఉన్న ఆర్ద్రత పైపులో ఉండదు కదా అంటారు. ఆ ఆర్ద్రత విలువైనదే. అయితే చలివేంద్రం ఎండాకాలానిది, దాహం పన్నెండు నెలలది. ముఖం ఎరుగని వేల మందికి అర్ధరాత్రి పైపు అతికే ఫిట్టరు పనిలో ఉన్న కరుణ కంటికి కనబడదు, అంతమాత్రాన తక్కువది కాదు. పన్ను కట్టనివాడికి, కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగేవాడికి బాకీ ఏమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. మోటారు పెట్టినవాడు పక్కింటి నీటిని లాక్కోవడమే కాదు, చిట్లిన పైపులోకి మురుగును కూడా లాగుతాడు. అది ఇరుగుపొరుగుకు చేసే ద్రోహమే. అతడిమీద చట్టప్రకారం చర్య తీసుకోవాలి, పన్ను బకాయీ రాబట్టాలి. కానీ కలుషిత నీరు రశీదు అడిగి లోపలికి రాదు. పన్ను కట్టిన ఇంటి బిడ్డకూ కట్టని ఇంటి బిడ్డకూ ఒకే జబ్బు తెస్తుంది. వసూళ్లలో కఠినంగా ఉండవచ్చు గాని శుద్ధిలో సడలింపు చెల్లదు.

ఎవరి మినరల్ వాటర్ టిన్ను వారు కొనుక్కుంటున్నారు, ఇక ఈ చర్చ ఎందుకని మరో మాట వినిపిస్తుంది. కొనగలిగినవారు కుళాయిని వదిలేసినకొద్దీ దాని తరఫున గొంతెత్తేవారు తగ్గిపోతారు, కొనలేనివారు ఒంటరివారవుతారు. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు కేసులో సుప్రీంకోర్టు తాగునీటిని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. 2010 జులైలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని మానవ హక్కుగా ప్రకటించింది. రాజ్యాంగం హక్కు అన్నదాన్నే మన పెద్దలు ఇచ్చేవాడి వైపునుంచి చూసి ఋణమన్నారు. బలి పేరు మోసే ఊరు పక్కనే ఉన్న పట్టణానికి ఈ సంగతి ఇంకొకరు నేర్పనక్కరలేదు. ప్రతి వార్డు సచివాలయం గోడమీద చివరి కుళాయి పరీక్షాఫలితం తేదీతో సహా రాసిపెట్టాలని అడుగుదాం. ఫలితం బాగులేని రోజున కూడా దాన్ని దాచకుండా రాయాలి. ఆ రోజు రాయగలిగిన మునిసిపాలిటీయే ఇచ్చిన మాట మీద నిలబడినట్టు.