మీ ఊరొస్తే ఏం చూపిస్తారు?

మల్కాపురంలో పదో తరగతి కలిసి చదివిన ఐదుగురం ముప్ఫయ్యేళ్ళ తర్వాత పోయిన చలికాలంలో కలుసుకున్నాం. ఇళ్ళల్లో అడిగి, రెండు పూటలకీ వండిపెట్టి, ఒక్క రోజు సంపాదించుకున్నాం. పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కి అరకు బయల్దేరాం. సొరంగం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లల్లా అరిచాం.

ఆ పట్టాలు మా సరదా కోసం వేసినవి కావు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకీ, అక్కణ్ణించి జపాన్‌కీ పంపడానికి 1960లలో వేసినవి. చిన్నప్పుడు దండెం మీది బట్టలకి పట్టే ఎర్రధూళి ఎక్కణ్ణించి వస్తోందో మాకెవరూ చెప్పలేదు.

అరకు దగ్గర ఒక కొండదొర పల్లెకి వెళ్ళాం. డబ్బిస్తే ధింసా ఆడతారని జీపు డ్రైవరు చెప్పాడు. పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళు చీరలు మార్చుకుని, ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడారు. మేమూ కలిశాం, అడుగులు తప్పాం, ఫొటోలు తీశాం. ఆట అయ్యాక పెద్దామె ఒకావిడ అడిగింది: "మీ ఊరు మేమొస్తే ఏటి చూపిస్తారమ్మా?"

"మా ఊళ్ళో చూడ్డానికేముందక్కా!"

"మా ఊళ్ళో మాత్రం ఏటుంది?" అందామె.

నిజానికి మా ఊరినీ చూడ్డానికొచ్చారు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో మంటలు లేచినప్పుడు కట్టుబట్టల్తో పరుగెత్తాం. తిరిగొచ్చేసరికి వీధిలో కెమెరాలు. చెదిరిన జుట్టుతో గుమ్మంలో కూర్చున్న అమ్మని ఎవరో ఫొటో తీసుకుపోయారు. అడగలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అమ్మ మంటల గురించి కన్నా ఆ ఫొటో గురించే ఎక్కువ చెప్పుకునేది.

నేను అడిగే తీశాను కదా, డబ్బిచ్చాను కదా? కాదనగల స్థితి అవతలి మనిషికి లేనప్పుడు ఆ అడగడానికి అర్థమేమిటి? మన ఇళ్ళల్లో మనం అన్న 'సరే'ల్లో ఎన్ని అలాంటివి కావు! అయితే వాళ్ళు కాదనలేరని నేనే తేల్చెయ్యడం కూడా ఒక పెత్తనమే. ఎంతకి ఆడాలో వాళ్ళే బేరమాడారు, గట్టిగానే. ఆ ముఖాల్లో దైన్యమేమీ లేదు.

నన్ను తొలుస్తున్నది వేరే. ఆడితే చూశాం సరే, మాట్లాడితే విన్నామా? 2007 ఆగస్టు 20న పోలీసులు తమపై అత్యాచారం చేశారని వాకపల్లిలో పదకొండుమంది కోందు స్త్రీలు చెప్పారు. అప్పుడు అది మా జిల్లాయే. పదిహేనేళ్ళకి పైగా తిరిగారు. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక కోర్టు, దర్యాప్తు సరిగా జరగలేదంటూనే నిందితుల్ని నిర్దోషులుగా వదిలేసింది. ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. ఆ రోజంతా రైల్లో, జీపులో, మాలో ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. నాకు గుర్తొచ్చింది. సరదా పాడవుతుందని ఊరుకున్నాను.

ఫొటోలు వాట్సాప్‌లో వచ్చాయి. ఒకదాంట్లో పెద్దామె సూటిగా నావైపే చూస్తోంది. "భలే వచ్చిందే, ప్రొఫైల్‌కి పెట్టుకో" అంది స్నేహితురాలు. పెట్టలేదు. చెరపనూ లేదు. ఆమె నిజంగా మా ఊరొస్తే ముందు పోర్టు వైపు తీసుకెళ్ళాలి. వాళ్ళ కొండల మధ్యనుంచి వచ్చే ఆ గూడ్సు బళ్ళు ఎక్కడ ఖాళీ అవుతాయో చూపించాలి.