జాలిపడి కొంటే దయ అయిపోతుందా?

ఈ వారం వీడియోలో శిబి చక్రవర్తి కథ విన్నాం కదా. అది వింటుంటే నాకు వారపు సంతలో అమ్మే బాతుపిల్లలు గుర్తొచ్చాయి. రంగు పూసిన కోడిపిల్లల పక్కనే, ఎండలో, ఇరుకు అట్టపెట్టెలో, చుక్క నీళ్లు లేకుండా ఉంటాయి. "పాపం" అని కొనేసేవాళ్లు చాలామంది.

కొన్న రెండూ బతకొచ్చు. కానీ మనం జాలిపడి కొన్నామో, సరదాకి కొన్నామో అమ్మేవాడికి అనవసరం. సరుకు అమ్ముడైంది, వచ్చే వారం ఇంకో పెట్టె తెస్తాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఎర్రర్ మెసేజ్ పోయింది, బగ్ అలాగే ఉంది.

అలాగని తల తిప్పుకుని వెళ్లిపోలేం. నీళ్లు పెట్టమని, నీడకి జరపమని అడగొచ్చు. వినకపోతే ఫిర్యాదు చేయొచ్చు. జంతువులను హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం.

మరి ఇప్పటికే ఇంటికి తెచ్చేసినవాళ్లు? అసలు దయ అక్కడే మొదలవుతుంది. మొదటి వారం సుమారు 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. తాగే నీళ్లలో ముక్కు మునగాలి, కానీ ఈతకి వదలకూడదు. తల్లి లేని పిల్లల నూగు తడిసిపోయి చలికి ప్రాణం పోవచ్చు. బ్రెడ్ వద్దు, దాణా పెట్టాలి. బెదిరిపోయినవాటిని పైనుంచి పట్టుకోకుండా, పక్కన ఊరికే కూర్చోవాలి. నీరసంగా ఉంటే పశువుల డాక్టర్‌కి చూపించాలి.

శిబి పావురానికి వెల కట్టి చేతులు దులుపుకోలేదు. చివరికి తనే త్రాసు ఎక్కాడు. మనల్ని ఎవరూ మాంసం అడగట్లేదు, రోజూ కాస్త టైమ్ అంతే. అది ఇవ్వగలమా అని పర్సు తీయకముందే ఆలోచిద్దాం.